షెన్ ఫు ఆత్మకథ చదవండి, మూడో ప్రకరణం అయ్యాక మళ్ళీ మొదటిది తెరవండి

పాత చైనా ఆత్మకథల్లో షెన్ ఫు రాసిన 'తేలియాడే బతుకు: ఆరు ప్రకరణాలు' చదవదగిందేనా, అందులో రెండు ప్రకరణాలు పోయాయి కదా, వెలితిగా ఉండదా అని అడిగారు. నేను ఇంగ్లీషు అనువాదంలో చదివాను. తర్వాత మా అత్తయ్యకు సాయంత్రాలు తెలుగులో చెబుతూ ఇంకోసారి చదివాను. ఆవిడ వేసిన ప్రశ్నల వల్లే నాకు ఈ పుస్తకం బాగా పట్టుబడింది.

షెన్ ఫు 1763లో సూజౌలో పుట్టాడు. ఇల్లు త్సాంగ్‌లాంగ్ మండపం అనే పాత తోట పక్కనే. తండ్రి జిల్లా అధికారులు సొంత డబ్బుతో కచేరీల్లో పెట్టుకునే రాతగాడు, కొడుకూ అదే వృత్తిలోకి వెళ్ళాడు. పరీక్షలు గెలిచి పెద్ద కొలువు సంపాదించిన మనిషి కాదు. పని దొరికితే చేశాడు, దొరకనప్పుడు ఇంటి వాకిట్లోనే కొట్టు పెట్టి బొమ్మలు గీసి అమ్మాడు. మూడు రోజుల రాబడి ఒక రోజు ఖర్చుకు చాలేది కాదని తనే రాసుకున్నాడు. అప్పటి మగవాళ్ళు భార్య గురించి రాస్తే ఎక్కువగా ఆమె పోయాక నాలుగు వాక్యాల నివాళి రాసేవారు. ఇతను మొదటి ప్రకరణమంతా భార్య చెన్ యున్‌తో గడిపిన రోజులకే ఇచ్చాడు.

యున్ అతని మేనమామ కూతురు. మేనరికం మనకు కొత్త కాదు కాబట్టి మా అత్తయ్య ఇక్కడే కథలోకి వచ్చేశారు. పిల్ల పది నెలలు పెద్దది అనేసరికి మాత్రం కాస్త ఆగారు. నాలుగేళ్ళప్పుడు తండ్రి పోతే, పెరిగాక కుట్టుపనితో తల్లినీ తమ్ముణ్ణీ పోషించింది యున్. కంఠతా వచ్చిన ఒక పాత కవితను పుస్తకంలో చూస్తూ ఒక్కో అక్షరం గుర్తుపట్టి చదవడం నేర్చుకుంది. 1775లో షెన్ ఆమె రాసిన పద్యాలు చూసి, చేసుకుంటే ఈ అక్కనే చేసుకుంటానని తల్లికి చెప్పాడు. 1780లో పెళ్ళయింది.

ఆ మొదటి ప్రకరణంలోనూ రెండోదానిలోనూ ఉన్నవి చిన్న చిన్న విషయాలే. వేసవిలో తామరపూలు రాత్రి ముడుచుకునే ముందు, పలచని బట్ట సంచిలో తేయాకు కట్టి పువ్వు మధ్యలో పెట్టేది యున్. పొద్దున పువ్వు విచ్చుకోగానే తీసి, వాన నీళ్ళతో టీ కాచేది. స్నేహితులు ఆవపూల తోటకు పోదామంటే, అక్కడ తిండీ సారా వేడి చేసుకునే దారి లేదని అందరూ తర్జనభర్జన పడుతుంటే, వీధిలో కావడి మీద పొయ్యి మోసుకుంటూ వంటకాలు అమ్మే అతన్ని ఆ పూటకు కుదిర్చింది. ఆమెకు ఊరబెట్టిన సోయా ముద్దలన్నా, రొయ్యల ఉప్పునీళ్ళలో వేసిన దోసకాయన్నా ప్రాణం. మొగుడికి ఆ వాసనే గిట్టదు. బలవంతంగా నోట్లో పెడితే ముక్కు మూసుకుని నమిలి, తర్వాత తనే అడిగి తినడం మొదలుపెట్టాడు. ఒకసారి గుడి దీపాల ఉత్సవం చూడటానికి మొగుడి బట్టలు కట్టుకుని మగవేషంలో వెళ్ళింది కూడా.

ఇదంతా చదువుతుంటే ఎంత హాయి కాపురమో అనిపిస్తుంది. కానీ షెన్ ఏళ్ళ వరసలో రాయలేదు. సంతోషాలన్నీ ఒక చోట, తీరిక వేళల ముచ్చట్లు ఒక చోట, కష్టాలు ఒక చోట, తిరిగిన ఊళ్ళు ఒక చోట పెట్టాడు. అవే ఏళ్ళు నాలుగుసార్లు మన ముందు నడుస్తాయి. మూడో ప్రకరణం తెరిచాకగానీ, ఆ టీలూ ఆవపూలూ నడిచిన ఇంట్లోనే ఇంకేం జరుగుతోందో మనకు తెలియదు.

ఉత్తరాల సంగతి ఉంది. మామగారు కొలువు మీద దూరాన ఉండేవారు. కోడలికి చదువొచ్చు కాబట్టి అత్తగారి తరఫున ఆమే ఉత్తరాలు రాసేది. ఇంట్లో ఏవో గుసగుసలు లేచాయి, కోడలు మాటలు సరిగా రాయలేదేమోనని అత్తగారు అనుమానపడి ఆ పని మాన్పించింది. ఉత్తరంలో కోడలి దస్తూరీ కనబడకపోయేసరికి, రాయడం నామోషీ అనుకుంటోందని మామగారికి కోపం వచ్చింది. షెన్ సంగతి చెప్పబోతే యున్ ఆపింది. మామ చేత మాట పడ్డా పడతాను, అత్తకు ఇష్టం లేనిదాన్ని కాకూడదు అంది. మా అత్తయ్యా కాపురానికి వచ్చిన కొత్తలో ఇంటిల్లిపాదికీ ఉత్తరాలు రాసిపెట్టిన మనిషే. ఇది విని, "ఆ పిల్ల సరిగ్గానే ఆలోచించింది. మరి ఆ మొగుడేం చేస్తున్నాడు?" అన్నారు.

ఆ ప్రశ్న పుస్తకం చివరిదాకా నాతో వచ్చింది. మొగుడు ఊరుకున్నాడు. షెన్ తమ్ముడి అప్పుకు యున్ హామీ ఉండి ఇరుక్కుంటే, అప్పుడూ ఆమెకే నింద వచ్చింది. మామగారు ఇంట్లోంచి పంపేస్తే ఇద్దరూ స్నేహితుడి మేడలో తలదాచుకున్నారు. తర్వాత జబ్బుతో ఉండి కూడా, డబ్బు కోసం హృదయ సూత్రం అనే బౌద్ధ గ్రంథాన్ని పది రోజుల్లో బట్ట మీద కుట్టి ఆరోగ్యం ఇంకా పాడుచేసుకుంది. నాలుగో ప్రకరణంలో షెన్ దక్షిణాన ఉన్న కాంటన్ రేవుకు సరుకు అమ్మడానికి పోయి, అక్కడి విలాసపు పడవల్లో ఒక అమ్మాయితో నెలల తరబడి గడిపి, పోలికల్లో ఆమె యున్‌లా ఉందని రాశాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు. కానీ ఇవేవీ దాచకుండా రాసింది అతనే, భార్య చేసిన ప్రతి మంచినీ పేరుపేరునా గుర్తుపెట్టుకున్నదీ అతనే.

ఇక గంజన్నం సంగతి. పెళ్ళి నిశ్చయమైన ఏడాది చలికాలంలో, బంధువుల పెళ్ళింట్లో అర్ధరాత్రి ఆకలితో వచ్చిన షెన్‌కు యున్ తన గదిలో దాచిపెట్టిన వేడి గంజన్నం పెట్టింది. అన్నవరస అబ్బాయి తోసుకుని లోపలికొచ్చి, నేనడిగితే అయిపోయిందన్నావు, మొగుడి కోసం దాచావా అని నవ్వాడు. ఇది మొదటి ప్రకరణంలో సరదాగా ఉంటుంది. మూడో ప్రకరణంలో, అప్పులవాళ్ళూ పెద్దవాళ్ళూ ఒత్తిడి చేస్తుంటే, తెల్లవారకముందే సూజౌ వదిలి వూషీకి బయల్దేరే ముందు ఇద్దరూ గంజన్నం తాగుతారు. అప్పుడు గంజితో కలిశాం, ఇప్పుడు గంజితో విడిపోతున్నాం, దీన్ని నాటకం చేస్తే 'గంజి తాగిన కథ' అని పేరు పెట్టొచ్చు అని యున్ నవ్వడానికి ప్రయత్నిస్తుంది. ఆ మాటలకు కొడుకు ఫెంగ్‌సెన్ లేస్తాడు. వైద్యుడి దగ్గరికి వెళ్తున్నా, నాయనమ్మను విసిగించకు అని సర్దిచెబుతుంది. గడప దాటుతుంటే పిల్లవాడు, అమ్మ ఇక రాదు అని ఏడుస్తాడు. కూతురు చింగ్‌జున్ వాడి నోరు మూస్తుంది. ఆ కూతురు పద్నాలుగేళ్ళది, అప్పటికే ఆమెను కాబోయే అత్తవారింటికి పంపేయడానికి ఏర్పాటు చేసేశారు. పిల్లవాడన్నట్టే అయింది. యున్ 1803లో యాంగ్‌జౌలో పోయింది. కాపురం ఇరవై మూడేళ్ళు. ఆ అబ్బాయి కూడా 1806లో పోయాడు.

అందుకే చెబుతున్నాను, మూడోది అయ్యాక మొదటిది మళ్ళీ చదవండి. అవే వాక్యాలు ఈసారి వేరుగా వినిపిస్తాయి.

పోయిన భాగాల గురించి: రాతప్రతిని యాంగ్ యిన్‌చువాన్ అనే ఆయన సూజౌలో పాత పుస్తకాల అంగట్లో చూశాడు. అప్పటికే నాలుగు ప్రకరణాలే ఉన్నాయి. 1877లో షాంఘైలో అచ్చయింది. 1930లలో ఆరూ ఉన్నాయంటూ ఒక ప్రతి వచ్చిందిగానీ, ఆ చివరి రెండూ షెన్ రాసినవి కావని పండితులు తేల్చారు. అవి చదవకపోయినా ఏం పోదు. లియొనార్డ్ ప్రాట్, చియాంగ్ సు-హుయి కలిసి చేసిన ఇంగ్లీషు అనువాదం తీసుకోండి, ఊళ్ళ గురించీ వావివరసల గురించీ వివరణలు బాగా ఇచ్చారు. నాలుగో ప్రకరణంలో కొండలూ గుళ్ళూ వరసపెట్టి వచ్చే చోట విసుగు పుడితే పేజీలు తిప్పేయవచ్చు, కాంటన్ భాగం మాత్రం వదలకండి.