వదిలేసిన గ్రానైట్ క్వారీలోకి పక్షులు, జంతువులు మళ్లీ వస్తాయా?

వస్తాయి. కానీ అన్నీ ఒకేసారి రావు, పాత అడవి అలాగే తిరిగి రాదు.

చిత్తూరు జిల్లాలో కుప్పం వైపు వదిలేసిన క్వారీ గుంతలు చూస్తే ముందు కనిపించేది నీళ్లే. వాన నీళ్లు నిలిచాక తూనీగలు, కప్పలు, వాటి వెనకే కొంగలు, లకుముకి పిట్టలు వస్తాయి. రాయి కోసిన నిలువు గోడ కొండ గుడ్లగూబకు బాగా నచ్చుతుంది. అది గూడు కట్టదు, రాతి అరుగు మీదే గుడ్లు పెడుతుంది. అరుగు కింద అది అరగక కక్కేసిన బూడిదరంగు ఉండలు దొరికితే ఒకటి విప్పి చూడండి, లోపల బొచ్చుతో పాటు చిన్న ఎలుక పుర్రె, దవడ ఎముక ఉంటాయి. నాకైతే అదే అన్నిటికంటే గట్టి ఆధారం, అక్కడ వేట మొదలైందన్నమాట.

అసలు తేడా తెచ్చేది పైమట్టి. స్థానిక గింజలు, సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి. 1999 గ్రానైట్ నిబంధనలు దాన్ని విడిగా తీసి ఉంచమంటాయి. ఏళ్ల తరబడి కుప్పగా వదిలేస్తే మాత్రం దాని సత్తువ పోతుంది. మట్టి పరిచి తంగేడు, రేగు, నేరేడు వేస్తే పిగిలిపిట్టలు పళ్లు తిని మిగతా గింజలు తెచ్చి వేస్తాయి. సర్కారు తుమ్మ త్వరగా పచ్చబడుతుంది కానీ కింద ఇంకేమీ ఎదగనివ్వదు.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి: ఒకవైపైనా గుంతను ఏటవాలుగా చెయ్యాలి. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు తిరిగే పలమనేరు, కుప్పం ప్రాంతంలో నిలువు గుంత అంటే ప్రాణగండమే.