కొత్త కారులో ఒకే లోపం మళ్లీ మళ్లీ వస్తుంటే కారు మార్చి ఇమ్మని అడగొచ్చా?

అడగొచ్చు, కానీ బాగుచేసే అవకాశం కంపెనీకి తగినన్నిసార్లు ఇచ్చినట్టు కాగితం మీద చూపించగలగాలి. వారంటీ అంటే ముందుగా రిపేరు చేస్తామన్న హామీ. అది ఫలించలేదని తేలాకే మార్పిడి, డబ్బు వాపసు మాట వస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల లెమన్ చట్టాలు (లోపాలున్న కొత్త కారు కొన్నవాళ్లను కాపాడే చట్టాలు) అదే లోపానికి 3-4 రిపేర్లనో, కారు మొత్తం 30 రోజులు షెడ్డులో ఉండటాన్నో కొలతగా తీసుకుంటాయి.

అందుకే జాబ్ కార్డే (కారు సర్వీసుకు ఇచ్చినప్పుడు మన ఫిర్యాదు రాసే కాగితం) ప్రాణం. ‘జనరల్ చెకప్’ అని రాస్తే లోపం లెక్కలోకే రాదు. ‘బ్రేక్ వేసి ఆపినప్పుడల్లా ఇంజిన్ ఆగిపోతోంది’ అని తేదీ, కిలోమీటర్లతో సహా రాయించి, అప్పుడే సంతకం పెట్టండి.

వారంటీ ముగిస్తే దారి మూసుకుపోయినట్టేనని చాలామంది టెన్షన్ పడతారు. గడువులోపే ఫిర్యాదు నమోదై ఉంటే సాధారణంగా అలా జరగదు.