చర్చి గోడని చదవడం ఎలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంగ్లండు పల్లెల్లోని మధ్యయుగ చర్చిల కట్టడం గురించి వచ్చిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా పక్క పల్లెలో చర్చి ముందు ‘12వ శతాబ్దం’ అని బోర్డు ఉంది. తలుపు మీద కమాను గుండ్రంగా ఉంది కానీ కిటికీలు కోసుగా, చాలా పెద్దవిగా ఉన్నాయి. బోర్డును నమ్మవచ్చా?
— లెస్టర్ నుంచి ఒక విద్యార్థిని

జవాబు: బోర్డు మీద సాధారణంగా రాసేది ఆ చర్చిలో మిగిలినవాటిలో అన్నిటికన్నా పాత భాగం వయసమ్మా. ఒకే విడతలో పూర్తయి, అలాగే నిలిచిన పల్లె చర్చిలు తక్కువ. మూడు నాలుగు వందల ఏళ్లపాటు ఒక్కో తరం ఒక్కో భాగం కలుపుతూ, విప్పుతూ, మళ్లీ కడుతూ వచ్చింది. కాబట్టి చర్చి వయసు అడగకండి, గోడ గోడకీ వయసు అడగండి.

మీరు చెప్పిన తలుపు నార్మన్ పద్ధతిది. అంటే 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచిన తరవాత, సుమారు 1190 లోపుది. కమాను మీద రంపపు పళ్లలాంటి చెక్కడం ఉంటే ఆ నమ్మకం ఇంకా బలపడుతుంది. అయితే అంచులు మరీ పదునుగా ఉంటే 19వ శతాబ్దంలో తిరగచెక్కారేమో చూసుకోవాలి. సన్నగా, పొడుగ్గా, కోసుగా ఉండే ఒంటి కిటికీలు 13వ శతాబ్దానివి. కిటికీ తలలో రాతి కమ్మీలు తీగల్లా, జ్వాలల్లా అల్లుకుంటే 14వ శతాబ్దం తొలి సగం అనుకోవచ్చు. కమ్మీలు వంపు తిరక్కుండా నిటారుగా కమాను దాకా పోతే అది సుమారు 1350 నుంచి 1530ల మధ్య పని. ఈ మూడు పద్ధతులకీ ఎర్లీ ఇంగ్లిష్, డెకరేటెడ్, పర్పెండిక్యులర్ అన్న పేర్లు 1817లో వచ్చిన థామస్ రిక్‌మన్ పుస్తకంతో స్థిరపడ్డాయి.

కిటికీ ఒక్కదాన్నే పట్టుకుని గోడ వయసు తేల్చవద్దు. వెలుతురు కోసం పాత గోడని కోసి కొత్త కిటికీ పెట్టడం అప్పట్లో మామూలు. కిటికీ చుట్టూ రాళ్ల వరస చెదిరి ఉంటే అదే జరిగిందని అర్థం. తరవాత లోపలికి వెళ్లి, జనం కూర్చునే హాలు (దీన్ని నేవ్ అంటారు) నుంచి పడమటి టవర్ గోడ కేసి చూడండి. ఇప్పటి కప్పుకి పైనో కిందో, తిరగేసిన ‘వి’ ఆకారంలో ఏటవాలు గీత కనబడితే అది పాత కప్పు ఆనిన చోటు. ఏటవాలు ఎక్కువైతే సీసపు రేకు తన బరువుకి తానే కిందికి జారుతుంది. అందుకే సీసం పరిచే చోట కప్పుని వాలు తగ్గించి కట్టారు. చాలాచోట్ల అదే అదనుగా పక్కగోడలని పైకి లేపి, మీద మరో వరస కిటికీలు పెట్టారు. స్తంభాలనీ చూడండి. ఉత్తరాన గుండ్రంగా, దక్షిణాన ఎనిమిది పలకలుగా ఉంటే పక్క వసారాలు రెండూ వేర్వేరు కాలాల్లో చేరాయన్నమాట.

ప్రశ్న: వార్విక్‌షైర్‌లో ఇల్లు కొంటున్నాం. ‘చాన్సెల్ రిపేర్’ సోదా చేయాలంటున్నారు లాయరు. చర్చికీ మా ఇంటికీ ఏమిటి సంబంధం?
— కోవెంట్రీ దంపతులు

జవాబు: చాన్సెల్ అంటే తూర్పు కొసన బలిపీఠం ఉండే భాగం. మన గుళ్లో ముఖమండపానికీ గర్భగుడికీ ఉన్నంత తేడా నేవ్‌కీ దానికీ ఉంది. మధ్యయుగంలో నేవ్ మరమ్మతు ఊరివాళ్ల బాధ్యత, చాన్సెల్ మరమ్మతు చర్చి ఆదాయం తినే రెక్టర్ బాధ్యత. చాలా పల్లెల్లో నేవ్ ఘనంగా పెరిగి, చాన్సెల్ పాతగా, చిన్నగా ఉండిపోవడానికి ఇదీ ఒక కారణం.

చాలా చర్చిల రెక్టర్ హక్కు మఠాల చేతిలో ఉండేది. 1536–40 మధ్య ఎనిమిదో హెన్రీ మఠాలని రద్దు చేశాక ఆ భూములు రాజు నుంచి మామూలు మనుషుల చేతుల్లోకి వెళ్లాయి. మరమ్మతు బాధ్యత కూడా భూమి వెంటే వెళ్లింది. మీ జిల్లాలోనే ఉన్న ఆస్టన్ కాంట్లో చర్చి విషయంలో, 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం) ఆ ఖర్చు భూమి యజమానులే భరించాలని తీర్పు ఇచ్చింది.

2013 అక్టోబరు 13 నుంచి నిబంధన మారింది. రిజిస్టరైన భూమిని ఆ తేదీ తరవాత డబ్బిచ్చి కొన్నవారి మీద, కొనుగోలు నమోదయ్యే నాటికి రిజిస్టర్‌లో ఈ బాధ్యత రాసి లేకపోతే, అది పడదు. వారసత్వంగానో కానుకగానో చేతులు మారితే ఈ రక్షణ లేదు. కాబట్టి రిజిస్టర్ నకలులో ఈ నమోదు ఉందా, 2013 తరవాత ఆ ఇల్లు అమ్ముడుపోయిందా అని లాయరుని అడగండి.

ప్రశ్న: చాన్సెల్ కమాను పక్క గోడలో ఐమూలగా ఒక కంత ఉంది. కుష్ఠురోగులు చూడటానికని అక్కడివాళ్లు చెప్పారు. నిజమా?
— హైదరాబాద్ పాఠకుడు

జవాబు: కాదండీ. ఆ కంత మొదలయ్యేది చర్చి లోపలే కదా, రోగులని బయట ఉంచితే వాళ్లకి అది ఎలా పనికొస్తుంది? పక్క వసారాలో ఉన్నవాళ్లకి, అక్కడి చిన్న బలిపీఠం దగ్గర పూజ జరిపే ఫాదర్‌కి ప్రధాన బలిపీఠం కనబడాలని దాన్ని తొలిచారు. పేరు స్క్వింట్. వంగి అందులోంచి చూడండి. చూపు తగిలే చోటే పాత బలిపీఠం ఉండేది.

ప్రశ్న: మా ఊళ్లో పాత మేడలు గానుగ సున్నంతో కట్టారు. ఆ చర్చిలూ అంతేనా? రాళ్ల సందులు సిమెంటుతో పూడిస్తే, అంటే పాయింటింగ్ చేస్తే, తప్పేమిటి?
— తెనాలి నుంచి ఒక మేస్త్రి

జవాబు: గానుగ పట్టే పద్ధతి మనది కానీ, అక్కడా సున్నమే. గోడ మందం చాలాచోట్ల మూడడుగుల దాకా ఉంటుంది. లోపలా బయటా రాతి వరసలు పేర్చి, నడుమ రాళ్ల ముక్కలు, సున్నం కూరారు. పునాది లోతు తక్కువ, అందుకని గోడ కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటుంది. సున్నం మెత్తన కాబట్టి ఆ కదలికకి ఓర్చుకుంటుంది. గోడలో చేరిన తడి కూడా సున్నం సందుల్లోంచి ఆరిపోతుంది.

సిమెంటు బిగిస్తే ఈ రెండూ పోతాయి. కదలికకి సన్నటి బీటలు పడి వాన లోపలికి దిగుతుంది. బయటికి రావడానికి దారి లేక తడి రాతిలోంచే ఆరుతుంది. దాంతోపాటు వచ్చిన ఉప్పు రాతి పైపొర కింద గడ్డకడుతుంది. చలికి నీళ్లు గడ్డకట్టి పొర ఊడిపోతుంది. కొన్నేళ్లకి రాయి లోపలికి తినేసి, సిమెంటు గీతలు మాత్రం తేనెపట్టు గదుల్లా పైకి నిలుస్తాయి. మెత్తటి ఇసుకరాయి గోడల మీద ఇది స్పష్టంగా కనబడుతుంది.

మరమ్మతులో మొదటి పని గోడది కాదు, నీటిది. ఆకులతో పూడిన తూములు, పగిలిన గొట్టాలు బాగుచేయకుండా పాయింటింగ్ చేస్తే డబ్బు దండగ. తరవాత సిమెంటుని సన్న ఉలితో, చేత్తోనే తీయాలి. గ్రైండర్ పెడితే రాతి అంచు పోతుంది. సందు వెడల్పుకి కనీసం రెండింతల లోతు, మామూలుగా 25 మిల్లీమీటర్లు, తీసి దుమ్ము కడిగేయాలి. నానిన సున్నం ముద్ద ఒక పాలు, మట్టి లేని గరుకు ఇసుక మూడు పాళ్లు వాడాలి. రాయి పొడిగా ఉంటే మాల్‌లో నీరు లాగేసుకుంటుంది, అప్పుడు అది పిండిలా రాలుతుంది. అందుకే ముందు గోడని తడపాలి, కానీ నీళ్లు కారుతూ ఉండకూడదు. గట్టిగా కూరి, కాస్త బిగిశాక బిరుసు బ్రష్షుతో పొడుస్తూ తట్టాలి. తాపీతో నున్నగా రుద్దితే పైపొర మూసుకుపోతుంది.

తడిపిన గోనెపట్టాలు వారం పది రోజులు వేలాడదీసి, ఆరకుండా చూసుకోవాలి. 5 డిగ్రీల కన్నా చలి ఉంటే పని ఆపాలి. సున్నం గాలిలోంచి బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని గట్టిపడటానికి వారాలు, నెలలు పడుతుంది. ఆలోపు చలి పట్టుకుంటే అతుకు మొత్తం ఊడిపోతుంది. అక్కడి మేస్త్రీలు ఈ పనికి వేసవినే ఎంచుకునేది అందుకే.