చిట్టికి, బడి తెరిచే ముందు

ఉలవపాడు,
జూన్ 3

చిట్టీ,

"పన్నెండో తేదీ దగ్గర పడేకొద్దీ టెన్షన్‌గా ఉంది పెద్దమ్మా" అన్నావు నిన్న ఫోన్లో. పోయిన దసరా తర్వాత టీచరుగా చేరావు కాబట్టి నీకు బడి కొత్త కాదు, జూన్ కొత్త. నువ్వు వెళ్లేసరికే పిలకాయలు ఎవరో కూర్చోబెట్టిన చోట కూర్చుని ఉన్నారు. ఈసారి కూర్చోబెట్టాల్సింది నువ్వే. ఫోన్లో అయితే నేను పొయ్యి మీద పాలు చూసుకుంటూ సగం చెబుతాను, నువ్వు సగం వింటావు. అందుకే రాస్తున్నాను.

పదో తేదీనే ఒకసారి బడికి వెళ్లిరా. ఏప్రిల్ ఆఖర్లో తాళం వేసిన బడి అది. ట్యాంకులో పాత నీళ్లు పారబోయించి కడిగించు. బాత్రూం తలుపు వెనక కందిరీగలు గూడు పెట్టి ఉంటాయి, ఒకదాని మీద ఒకటి పేర్చిన బెంచీల కింద తేళ్లుంటాయి. చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించు. మిగిలిపోయిన బియ్యం బస్తా ఉంటే విప్పి చూడు. పిల్లకు 100 గ్రాముల లెక్క సరిపోవడం ఒక్కటే కాదు, పురుగు పట్టిందో లేదో వంట చేసే ఆమెతో కలిసి చూడు. ఆమెతో మంచిగా ఉండు. ఏ ఇంట్లో పొద్దున పొయ్యి వెలగలేదో మనకంటే ముందు ఆమెకే తెలుస్తుంది.

ఇంకో సంగతి. పుస్తకాల్లో బడి తెరవగానే వానా, గొడుగూ, కాగితం పడవా ఉంటాయి. మనవైపు అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో కదా. జూన్ పన్నెండు అంటే నీకు దర్శిలో అయినా, నాకు ఇక్కడ సముద్రం పక్కన అయినా ఎండాకాలమే. మధ్యాహ్నం మూడో తరగతి పిలగాడు తల వాల్చేస్తే బద్ధకం అనుకోవద్దు. గంట కొట్టించి అందరిచేతా నీళ్లు తాగించు. లెక్కలు పొద్దున్నే అయిపోవాలి.

ఒకటో తరగతి వాళ్ల గురించి అడిగావు. ఏడుస్తారు. ఏడవనీ. గేటు మూసి తల్లిని పంపించెయ్యొద్దు. కాసేపు అమ్మనో అవ్వనో వరండాలో కూర్చోనివ్వు. అక్క మూడో తరగతిలో ఉంటే తెచ్చి చెల్లెలి పక్కన కూర్చోబెట్టు, రెండు రోజులు దాని మూడో తరగతి పోతే కొంపేం మునగదు. అన్నిటికంటే ముందు, తొలిరోజు మొదటి గంటలోనే వాళ్లందరినీ వరసగా తీసుకెళ్లి బాత్రూం, కుళాయి చూపించు. "ఒంటికి రావాలంటే టీచర్‌తో ఇలా చెప్పాలి" అని ఒక్కొక్కరి చేతా అనిపించు. ఇది నేను పదేళ్లు పనిచేశాక గానీ తెలుసుకోలేదు. ఒక పాప పొద్దుటి నుంచి కదలకుండా కూర్చుంటే ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాను. మూడు గంటలకు బెంచీ కింద తడి కనిపించింది. ఎవరిని అడగాలో తెలియక బిగబట్టుకుని కూర్చుంది. మళ్లీ బడికి రావడానికి దానికి వారం పట్టింది.

ఇప్పుడు చెప్పేది నీ బడికే ముఖ్యం. నీకు ఇంతవరకూ ఎప్పుడూ చెప్పలేదు, చెప్పుకోవడానికి సిగ్గు.

1985లో నా మొదటి పోస్టింగ్ కనిగిరి అవతల. ఆ జూన్‌లో మూడో తరగతిలో ఒక పిలగాడు నవ్వితే పళ్లన్నీ గోధుమరంగు చారలు. అందరి ముందూ "పళ్లు తోముకోవా? రేపు తెల్లగా తోముకుని రా" అన్నాను. మర్నాడు పెదాలు వాచిపోయి వచ్చాడు. ఇటికపొడి పెట్టి రుద్దుకున్నాడట, చిగుళ్ల నుంచి నెత్తురు కారేదాకా. చారలు మాత్రం అలాగే ఉన్నాయి. సాయంత్రం వాళ్ల అవ్వ వచ్చింది. పోట్లాటకే వచ్చిందనుకున్నాను. నా ఎదురుగా నిలబడి నోరు తెరిచి చూపించింది. అదే రంగు. "మా ఊరి నీళ్లమ్మా" అంది, అంతే. ఆమె వెళ్లిపోయాక చాలాసేపు నేను కుర్చీలోంచి లేవలేదు.

నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే, చిన్నప్పుడు చిగుళ్లలో పన్ను తయారవుతున్నప్పుడే ఆ మచ్చ పడుతుంది. తోమితే పోదు. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు. దర్శి, పొదిలి, కనిగిరి వైపు ఇది పాత బాధే. నీ తరగతిలోనూ అలాంటి పిలకాయలు ఉంటారు. పళ్ల మాట ఎత్తనే వద్దు. తాగడానికి బోరు నీళ్లు కాకుండా ఏ నీళ్లు వస్తున్నాయో కనుక్కో, రాకపోతే సర్పంచి దగ్గరికి వెళ్లి కూర్చో. ఒక పిలగాడు నీకు ఎలా కనిపించినా మొదటి నెలంతా ఏమీ అనకు. ముందు అడుగు.

చదువు సంగతీ అంతే. పుస్తకం రాగానే ఒకటో పాఠం ఎత్తుకోవద్దు. రెండు వారాలు పోనీ. సిలబస్ వెనకబడిందని పైవాళ్లు అంటే అననీ, ఆగస్టుకల్లా అందుకుంటావు. ఒక్కో పిలగాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని అయిదేసి నిమిషాలు చదివించు. తెల్లకాగితం మీద పైన విడి అక్షరాలు, దాని కింద తల, వల లాంటి మాటలు, ఆ కింద గుణింతాల మాటలు, తర్వాత ఒత్తుల మాటలు, చివర నాలుగు వాక్యాలు రాసి పెట్టుకో. ఎక్కడ ఆగితే అక్కడ తేదీ వెయ్యి. వేసవిలో మొదట మర్చిపోయేది ఒత్తులే, తర్వాత గుణింతాల్లో కొమ్ములూ ఏత్వాలూ.

అందులో ఒక మోసం ఉంది, చూసుకో. కొందరు పుస్తకం తెరిచి గడగడా చదివేస్తారు. వేలు ఒక వాక్యం మీద ఉంటుంది, నోరు ఇంకో వాక్యంలో ఉంటుంది. పుస్తకం మూసి చెప్పమంటే ఇంకా బాగా చెబుతారు! అక్కపక్కన కూర్చుని పాఠం మొత్తం వినికిడితో పట్టేసినవాళ్లు వాళ్లు. తెలివి తక్కువేం కాదు, ఆ జ్ఞాపకశక్తి నాకు లేదు. వాక్యంలో చివరి మాట నుంచి వెనక్కి చదివించు, అప్పుడు తెలుస్తుంది. నాలుగో తరగతిలో కూడా ఒకరిద్దరు ఉంటారు. వాళ్లను రెండో తరగతిలో కూర్చోబెట్టి పరువు తియ్యకు. ఇద్దరు టీచర్ల బడి కాబట్టి తెలుగు గంటలో అయిదు తరగతులనీ కలిపేసి, ఎవరు ఎక్కడ ఆగారో దాన్నిబట్టి గుంపులు చెయ్యి. గుంపులకు చెట్ల పేర్లు పెట్టు, అంకెలు పెట్టకు. అంకె పెడితే ఎవరు వెనకో పిలకాయలకు సాయంత్రానికే తెలిసిపోతుంది.

రిజిస్టర్‌లో పేరుండి రానివాళ్లు అసలు పని. మీ వైపు బెంగుళూరు, హైదరాబాదు పనులకు పోయినవాళ్లు పిల్లల్ని తీసుకుపోతారు, లేదా అవ్వ దగ్గర వదిలేస్తారు. మా వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలాకు పోయే యానాదుల పిల్లలు ఇలాగే మాయమయ్యేవాళ్లు. పదింటికి వెళితే ఆ ఇళ్లకు తాళాలే కనిపిస్తాయి. ఏడింటికల్లా వెళ్లు. "ఎందుకు పంపలేదు" అని మొదలుపెడితే అబద్ధం వస్తుంది. మంచినీళ్లడిగి కూర్చో, మేకల సంగతి మాట్లాడు, పిలగాడే వచ్చి పక్కన నిలబడతాడు.

టీసీ లేదనో, పుట్టిన తేదీ కాగితం లేదనో, ఆధార్ లేదనో ఎవరినీ గేటు దగ్గర నుంచి తిప్పి పంపొద్దు. 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది, వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. ముందు పలక ఇచ్చి కూర్చోబెట్టు, కాగితాలు తర్వాత చూసుకోవచ్చు. బెత్తం ముట్టుకోకూడదన్న మాట కూడా ఆ చట్టంలోనే ఉంది, 17వ సెక్షన్. నేను చేరినప్పుడు ప్రతి టేబుల్ మీదా ఒకటి ఉండేది. నా టేబుల్ మీదా ఉండేది.

చేర్చుకునేటప్పుడు పుట్టిన తేదీ మాత్రం జాగ్రత్తగా అడిగి రాయి. మా ఊళ్లో నా ఈడు వాళ్లందరం జూన్ ఒకటినే పుట్టాం! చేర్చిన అయ్యవారు అదే రాసేశారు. అసలు మీ అమ్మమ్మ చెప్పే లెక్క ప్రకారం నేను పుట్టింది మాఘమాసంలో. మాకు నవ్వులాటగా జరిగిపోయింది, ఇప్పటి పిలకాయలకు అలా జరగదు. ఆధార్‌లో ఒక పేరు, రిజిస్టర్‌లో ఇంకో పేరు, ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడా కూడా పదో తరగతి సర్టిఫికెట్ దాకా వెంటాడుతుంది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ తల్లికి చదివి వినిపించి రాయి.

యాప్‌ల గురించి నేను చెప్పగలిగేదేం లేదు, నీకే బాగా తెలుసు. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం వేసే తల్లికి వందనం డబ్బులు పడలేదని నిన్నే అడుగుతారు. విసుక్కోకుండా ఊళ్లో సచివాలయానికి వెళ్లమని చెప్పు. ప్రైవేటు బడి పసుపురంగు వ్యాన్‌లో ఎక్కి పోయినవాళ్లను చూసి బెంగపెట్టుకోకు. దసరాకు కొందరు తిరిగొస్తారు, "అప్పుడెందుకు పోయారు" అని మాత్రం అడగొద్దు.

ప్రభుత్వం ఇచ్చే కిట్‌లో బూట్లు వస్తాయి. సగం మంది వాటిని సంచిలో పెట్టుకుని వట్టి కాళ్లతో వస్తారు, కొత్తవి పాడవుతాయని. కొందరికి మాత్రం అసలు పట్టవు, కొలత ఇచ్చాక పాదం పెరిగిపోయి ఉంటుంది, చెప్పడానికి మొహమాటం. తొడిగించి నిలబెట్టి, బొటనవేలి దగ్గర నొక్కి చూడు. ఇద్దరు ముగ్గురివి అటూ ఇటూ మారిస్తే చాలామందికి సరిపోతాయి.

రేపు దర్శి బస్సు కండక్టర్ చేతికి ఒక అట్టపెట్టె ఇచ్చి పంపుతున్నాను. పైన బంగినపల్లి కాయలు, ఇవే ఆఖరి కోత, రెండు రోజులు గడ్డిలో ఉంచు. అడుగున నా పాత బిస్కెట్ డబ్బా ఉంటుంది. అందులో సూది, తెల్లదారం, నీలం దారం, చొక్కా గుండీలు, గోళ్లు తీసేది, దువ్వెన, పిన్నీసులు ఉన్నాయి. పిన్నీసులు పన్నెండు పెట్టాను, నిక్కరు జారే ఒకటో తరగతి వాళ్లకు అవే ముందు అయిపోతాయి. ఇంకో పిన్నీసుల కార్డు కొనిపెట్టుకో.

మీ పెద్దమ్మ