అన్న ముఖంలో ఏ భావమూ లేదు, మా మీద ప్రేమ పోయినట్టేనా?

డిగ్రీ చదివే మీ అన్నకు ఈ మధ్యే స్కిజోఫ్రీనియా అని తేలిందనీ, ఎవరూ లేకున్నా చెవిలో వినిపించే మాటలు మందులతో తగ్గినా అమ్మ ఏడుస్తుంటే బొమ్మలా చూస్తున్నాడనీ, చెప్పిన పని మరిచిపోతున్నాడనీ రాశారు.

ప్రేమ ఎక్కడికీ పోలేదండీ. మాది మిర్యాలగూడ. మా తమ్ముడిదీ ఇదే జబ్బు. అమ్మకు జ్వరం ముదిరి సెలైన్ ఎక్కిస్తుంటే మంచం పక్కన చలనం లేకుండా కూర్చున్నాడు. చుట్టాలు "వీడికి పట్టింపే లేదు" అన్నారు. రాత్రి నాతో, "అక్కా, నాకు గుండె దడ ఆగట్లేదు" అన్నాడు. ఈ జబ్బులో లోపలి బాధ చాలావరకు అలాగే ఉంటుంది, అది ముఖం మీదికి, గొంతులోకి రావడమే తగ్గుతుంది.

ఎదుటివాళ్ల ముఖం చదవడం కూడా కష్టమవుతుంది. మా నాయన రైస్ మిల్లు నుంచి వచ్చి, కళ్లద్దాలు లేక కళ్లు చికిలించి చూస్తే "నా మీద ఎందుకు కోపం?" అని తమ్ముడు అడిగేవాడు. మామూలు ముఖం కూడా వాళ్లకు బెదిరింపులా కనిపించవచ్చు. అందుకే మా ఇంట్లో నోటితో చెప్పేస్తాం: "కోపం లేదురా, అలసిపోయాను."

ఇక మరుపు సంగతి. ఏకాగ్రత, జ్ఞాపకం, ఆలోచన వేగం తగ్గడం చాలామందిలో మాటలు వినిపించడానికి ముందే మొదలవుతుంది. మావాడు ఇంటర్‌లో ఒకే పేజీ ముందు గంటలు కూర్చునేవాడు, ఊరంతా ఫోన్ వల్లే అంది. మందులు అనుమానాలను, వినిపించే మాటలను అణిచినంతగా దీన్ని బాగుచేయలేవు. "పాలు, కొత్తిమీర తెచ్చి, వస్తూ కరెంటు బిల్లు కట్టు" అంటే గడప దగ్గరే ఆగిపోయేవాడు. ఇప్పుడు చీటీ రాసిస్తాం, ఒకసారికి ఒక్క పని. బద్ధకం అని మాత్రం అనకండి. ఇంట్లో దెప్పిపొడుపులు, శత్రుత్వం, అతి జాగ్రత్త ఉంటే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని లండన్‌లో పరిశోధకుడు జార్జ్ బ్రౌన్ బృందం 1972లోనే చూపించింది. అతి జాగ్రత్త అన్నది మా అమ్మకు ఇప్పటికీ మింగుడు పడదు!

ఒకటి గమనించండి. నడిచేటప్పుడు చేతులు ఊగట్లేదా, వేళ్లు వణుకుతున్నాయా? అలా ఉంటే ముఖం బిగుసుకోవడం మందు వల్ల కూడా కావచ్చు. ముఖంలో భావం తగ్గడం డిప్రెషన్ వల్ల కూడా కావచ్చు. మీ అంతట మీరు మాత్రలు ఆపొద్దు, డాక్టర్‌కు చెబితే డోసు తగ్గించడమో మందు మార్చడమో చేస్తారు. జ్ఞాపకం, ఏకాగ్రతకు ప్రత్యేక శిక్షణ ఎక్కడ దొరుకుతుందో కూడా అప్పుడే అడగండి. మీ అమ్మగారు మరీ పరేషాన్ అయితే 14416కు ఫోన్ చేయించండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.