ఇండియా ఎఫ్‌డీ సంగతి అమెరికాకి చెప్పాలా?

కొత్తగా హెచ్‌1బీకి మారిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, ఎఫ్‌డీ వడ్డీ మీద అక్కడే టీడీఎస్ పట్టుకున్నారు కదా, మళ్లీ ఇక్కడ చూపించాలా?"

చూపించాలి. పన్ను లెక్కల్లో రెసిడెంట్ అయ్యాక ఏ దేశంలో వచ్చిన ఆదాయమైనా ఇక్కడి టాక్స్ రిటర్న్ ఫారం 1040లో రాయాల్సిందే. ఇండియాలో కట్టిన పన్నుకి ఫారం 1116తో క్రెడిట్ అడగొచ్చు, కాబట్టి రెండుసార్లు కట్టే బాధ చాలావరకు తప్పుతుంది. ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీకి (విదేశీ సంపాదనతో ఎన్‌ఆర్‌ఐలు ఇండియాలో వేసేది) ఆ వెసులుబాటూ లేదు. అక్కడ పన్నే లేనప్పుడు క్రెడిట్ ఎక్కడిది? బ్యాంకువాళ్లు "టాక్స్ ఫ్రీ సార్" అనేది ఇండియా వరకే. పీపీఎఫ్ వడ్డీదీ అదే కథ. ఇంకో చిక్కు, అక్కడి సర్టిఫికెట్ ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఇస్తారు, ఇక్కడ జనవరి నుంచి డిసెంబర్ వరకు కావాలి. స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని మీరే కూడుకోవాలి.

ఎఫ్‌1 విద్యార్థులకు మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఈ గొడవ లేదు. కాకపోతే డిసెంబర్‌లో దిగినా అది ఒక సంవత్సరం కిందే లెక్క.

ఎఫ్‌బార్ వేరే సంగతి. అది పన్ను కాదు, ఖాతాల వివరాలు చెప్పడం మాత్రమే. ఏడాదిలో ఏ ఒక్క రోజైనా విదేశీ ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే అమెరికా ఆర్థిక శాఖ విభాగమైన ఫిన్‌సెన్ సైట్‌లో, టాక్స్ రిటర్న్‌తో సంబంధం లేకుండా, ఉచితంగా ఫైల్ చేయాలి. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబర్ 15 వరకు పొడిగింపు ఉంటుంది. మనవాళ్లు పప్పులో కాలేసేది జాయింట్ ఖాతాల దగ్గర. నాన్నగారు రిటైరయ్యాక వచ్చిన డబ్బు ఎఫ్‌డీ వేసి, ముందుజాగ్రత్తగా మీ పేరు కూడా చేర్చి ఉంటారు. రూపాయి మీది కాకపోయినా ఆ ఖాతా మొత్తం మీ ఎఫ్‌బార్‌లోకి వస్తుంది. సరెండర్ విలువ ఉన్న ఎల్ఐసీ పాలసీ కూడా అంతే. కావాలని దాచకపోయినా 10,000 డాలర్లకు పైగా జరిమానా వేసే వీలు చట్టంలో ఉంది, కాబట్టి ఈ వారాంతం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ పేరు ఎక్కడెక్కడ ఉందో అడగండి. అమ్మకే బాగా గుర్తుంటుంది.

అన్నిటికన్నా తలనొప్పి మ్యూచువల్ ఫండ్లు. ఇండియా ఫండ్లని అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ పీఫిక్ (ప్రధానంగా పెట్టుబడుల మీదే ఆదాయం వచ్చే విదేశీ కంపెనీ) కింద చూస్తుంది. ఒక్కో ఫండ్‌కి ఒక్కో ఫారం 8621, పైగా లాభాన్ని వెనకటి ఏళ్లకు పంచి, ఆయా ఏళ్ల గరిష్ఠ రేటుతో పన్ను, దాని మీద వడ్డీ. నెలకి 2,000 రూపాయల ఎస్‌ఐపీకి ఇంత తతంగం దండగ. ఇంకా బయల్దేరని వాళ్లు విమానం ఎక్కకముందే అమ్మేసుకోవడం మేలు. ఇప్పటికే వచ్చేసినవాళ్లు కొత్త వాయిదాలు ఆపండి, కంగారుపడి అమ్మకండి. ముందు మీ పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్‌ని (సీపీఏ) "ఇంతకుముందు 8621 చేశారా?" అని సూటిగా అడగండి. నీళ్లు నమిలితే ఇంకొకరిని చూసుకోండి.