ఇంటిపేరు ముందా, వెనకా?

సందేహం: మా ఇంటిపేరు మాచవరపు. మా అబ్బాయి కుటుంబం అమెరికాలో ఉంటుంది. మా మనవరాలి కాగితాలన్నిట్లో ముందు పేరు, చివర ఇంటిపేరు ఉన్నాయి. ‘‘ఊరి పేరు మాచవరం కదా, మరి మాచవరపు ఏమిటి? మాచవరం అని మార్చుకుంటే తప్పా?’’ అని ఆ పిల్ల అడుగుతోంది. అసలు ఇంటిపేరు ముందు రాయాలా, చివర రాయాలా?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ మనవరాలి ప్రశ్న చదివి చాలా సంతోషం వేసింది. మాచవరం మాచవరపు ఎందుకయిందని అడిగిందంటే, ఇంటిపేరు ముందా, వెనకా అన్న మీ సందేహానికి జవాబు ఎక్కడుందో తెలియకుండానే ఆ పిల్ల పట్టుకుంది.

సరసము, మాట కలిస్తే సరసపు మాట. మాచవరము, రామయ్య కలిస్తే మాచవరపు రామయ్య. కందుకూరు కందుకూరి అయింది, దువ్వూరు దువ్వూరి అయింది. పాడు అని ముగిసే ఊళ్లు టి వర్ణం పుచ్చుకుని మాడపాటి, భమిడిపాటి, మొక్కపాటి అయ్యాయి. అంతెందుకు, ‘ఇంటిపేరు’ అన్న మాటలోనే ఇల్లు ఇంటిగా మారి కూర్చుంది. ఒకచోట ‘ము’ పోయి ‘పు’ వచ్చే పుంప్వాదేశం, ఇంకోచోట ఊరును ఊరిగా, పాడును పాటిగా మార్చే ఔపవిభక్తికం. వ్యాకరణంలో పేర్లు వేరైనా అవి చేసే పని ఒక్కటే, మాటను తర్వాతి మాటకు ఆనించడం. ‘మాట సరసపు’ అని మనలో ఎవరూ అనరు. ‘రామయ్య మాచవరపు’ అని మాత్రం ధైర్యంగా అచ్చు వేయిస్తున్నాం! మాచవరపు... ఎవరు? అని చెవి ఎదురుచూస్తుంది. అక్కడ ఎవరూ ఉండరు.

మొన్న మా ఇంటికొక శుభలేఖ వచ్చింది. పైన ఆహ్వానించే తాతగారి పేరుకు ఇంటిపేరు ముందుంది. నాలుగు పంక్తుల కింద పెళ్లికొడుకు పేరుకు అదే ఇంటిపేరు వెనక్కి పోయింది. ఒకే కార్డు, ఒకే ఇల్లు, పైగా తెలుగులో వేసిన కార్డు. నాకు బాధ వేసింది. ఇంగ్లిషు ఫారాల్లో గళ్లు అలా ఉన్నాయి, సరే. మన శుభలేఖకు ఆ గళ్లు ఎవరు గీశారు?

ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు పోతన గుర్తుకొస్తాడు. ‘‘ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి పురంబులు వాహనంబులున్’’ అని మొదలయ్యే పద్యం తెలియని తెలుగువాడు ఉండడు. తన కావ్యాన్ని రాజులకు ఇచ్చి ఊళ్లూ వాహనాలూ సొమ్ములూ పుచ్చుకోనని, హరికే ఇస్తానని చెప్పి, చివరి పాదంలో తన పేరు చెప్పుకుంటాడు: ‘‘బమ్మెర పోతరాజొకఁడు భాగవతంబు జగద్ధితంబుగన్.’’ ఈ పాదాన్ని కాస్త దగ్గరగా చూడండి. ఇమ్మ, సొమ్ము, సమ్మె, బమ్మె: పద్యం ప్రాసను నాలుగో పాదంలో మోస్తున్నది కవి ఇంటిపేరు. బమ్మెరలోని ‘బ’కు భాగవతంలోని ‘భా’ యతి. అంటే ఆ పాదానికి యతి, ప్రాస రెండూ ఇంటిపేరు దగ్గరే ఉన్నాయి. దాన్ని తీసి వెనక్కి పెడితే పాదం కూలిపోతుంది. ఛందస్సు కోసం అలా పెట్టాడనుకోకండి. ఇంట్లోనూ ఊళ్లోనూ జనం పిలిచే వరసే అది, అదే ఛందస్సులో అంత చక్కగా ఒదిగింది. పైగా ‘ఒకఁడు’ అన్న మాట ఎంత బాగుందో! బమ్మెర పోతరాజు అనేవాడొకడు చెప్పాడు, అంతే. అంత అణకువలోనూ ఊరి పేరును మాత్రం ముందే నిలబెట్టాడు. పోతనది ఓరుగల్లా, ఒంటిమిట్టా అన్న పాత తగువులో పాలకుర్తి దగ్గరి బమ్మెర గ్రామం ఓరుగల్లు వైపు సాక్ష్యం చెబుతున్నదీ ఈ ఇంటిపేరు వల్లనే.

అయితే ఇంటిపేరు చెప్పేది పూర్వీకుల ఊరిని, పుట్టిన ఊరిని కాదు. కందుకూరి వీరేశలింగం 1848లో పుట్టింది రాజమహేంద్రవరంలో. గురజాడ అప్పారావు ఎక్కువకాలం ఉన్నది విజయనగరంలో, గురజాడ అనే ఊరేమో కృష్ణా జిల్లాలో ఉంది.

ఊళ్లు కాకుండా వచ్చిన ఇంటిపేర్లూ ఉన్నాయి. ఏనుగు లక్ష్మణకవి, గుర్రం జాషువ ఉన్నారు కదా.

ఇక బయటి దేశాల సంగతి. లియొనార్డో దా విన్చి అంటే విన్చి ఊరి లియొనార్డో. ఇటాలియన్‌లో ‘ఆ ఊరి’ అన్న మాట మనిషి పేరు తర్వాతే రావాలి, అందుకే అక్కడ అది చివర ఉంది. వాళ్ల భాషకు అదే న్యాయం. హంగరీవాళ్లను చూస్తే మాత్రం మన చుట్టాల్లా అనిపిస్తారు. సెగెడ్ అనే పట్నం నుంచి వచ్చినవాడి ఇంటిపేరు సెగెది. మన కందుకూరిలాగే చివర ఇకారం, మనలాగే ఇంటిపేరు ముందు! రెండు భాషలకూ చుట్టరికం లేదు, ఆ ఇకారాలు వేరువేరు. కానీ విశేషణం ముందుండే భాష కాబట్టి వాళ్ల పేరూ ఆ వరసలోనే నడిచింది. చైనా, కొరియా, జపాన్‌లలోనూ ఇంటిపేరు ముందే. జపాన్ ప్రభుత్వమైతే 2020 జనవరి 1 నుంచి తన పత్రాల్లో జపనీయుల పేర్లను రోమన్ లిపిలో రాసేటప్పుడు కూడా ఇంటిపేరే ముందు పెడుతోంది. ఐస్‌లాండ్‌లో ఎక్కువమందికి ఇంటిపేరే లేదు, తండ్రి పేరుకు కొడుకైతే సొన్, కూతురైతే దోత్తిర్ చేరుస్తారు. తమిళుల పేర్ల ముందుండే పొడి అక్షరం మామూలుగా తండ్రి పేరుది. దాన్ని ఇంటిపేరనుకునే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు.

మాచవరం అని మార్చుకుంటే తప్పా అంటే, తప్పని గట్టిగా అనలేను. సురవరం ప్రతాపరెడ్డి సురవరపు కాలేదు, గుంటూరు శేషేంద్రశర్మ గుంటూరి కాలేదు. ఊరి పేరును ఉన్నదున్నట్టు నిలుపుకున్న ఇళ్లూ ఉన్నాయి. కానీ మీ ఇంట్లో పెద్దలు ‘పు’ చేర్చుకుని ఇన్ని తరాలు పలికారు. ఆ ఒక్క అక్షరం ‘మాచవరానికి చెందిన’ అనే అర్థాన్ని ఇస్తోంది. దాన్ని తీసేస్తే ఊరు మిగులుతుంది, ఊరికీ మనిషికీ మధ్య ఉన్న ముడి పోతుంది. నేనైతే మార్చవద్దనే అంటాను.

పాస్‌పోర్టులో, స్కూలు ఫారంలో ఏ గడిలో ఏది రాయమంటే అదే రాయండి, దానికి టెన్షన్ పడక్కర్లేదు. తెలుగులో రాసేటప్పుడు మాత్రం, అది ఉత్తరమైనా శుభలేఖ అయినా, మాచవరపు అని ముందు రాసి, ఆ తర్వాత మీ మనవరాలి పేరు రాయించండి. మాచవరం పేరుతో ఆంధ్రదేశంలో చాలా ఊళ్లున్నాయి. మీది ఏ మాచవరమో ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి ఆ పిల్లకు చెప్పండి.